స్వచ్ఛంద ప్రాక్టీసు

మా కెండ్రెల్‌ని ఎండ చంపిందన్నారు, గుండె చంపిందన్నారు, వాడి బరువే వాణ్ణి చంపిందని కూడా అన్నారు. నన్నడిగితే వాణ్ణి చంపింది ఒక మాట. స్వచ్ఛందం. బతికుండగా వాణ్ణి మైదానంలోకి లాక్కెళ్ళింది ఆ మాటే. పోయాక పెద్దమనుషులు చేతులు దులుపుకున్నదీ ఆ మాటతోనే.

కెండ్రెల్ నా చెల్లెలు రొనెటా కొడుకు. ఒక్కడే కొడుకు. టాలిస్ స్టేట్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడడానికి చేరాడు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు ఢీకొట్టుకునే మా అమెరికా ఫుట్‌బాల్. వాడికి పిలుపు వచ్చిన రోజు మా హాలిస్ బెండ్ ఊరంతా మా వాకిట్లోనే ఉంది. మా ఊళ్ళో పుట్టిన బిడ్డకి తల్లి పాల తర్వాత తెలిసేది టాలిస్ జట్టు పేరే. పెళ్ళి ముహూర్తాలు కూడా జట్టు ఆటలు లేని శనివారం చూసి పెట్టుకుంటారు. నా పేరు వెర్డెల్. పోస్టాఫీసు పక్కన బ్యూటీ పార్లర్ నాదే. నా నోటికి ఊరంతా భయపడుతుందని చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

జూలైలో మా చర్చి వాళ్ళ చేపల విందు జరుగుతుంది. దానికి రమ్మని నేనే వాడికి ఫోన్ చేశాను.

"ఆదివారం వచ్చెయ్ రా నాన్నా. మీ అమ్మ క్యాట్‌ఫిష్ వేయిస్తోంది. నీకోసం పీచ్ పళ్ళు కూడా దాచిపెట్టా."

"కుదరదు పెద్దమ్మా. సోమవారం పొద్దున్నే ప్రాక్టీసుంది."

"ఎండాకాలం సెలవుల్లో ప్రాక్టీసేంట్రా?"

"స్వచ్ఛంద ప్రాక్టీసులే."

"అంటే ఇష్టమైతేనే వెళ్ళాలనేగా? ఇష్టం లేదని చెప్పెయ్."

పకపకా నవ్వాడు. వాడి నవ్వు ఫోన్లో వింటే గదంతా నిండిపోయేది. "అయ్యో పెద్దమ్మా, నీకేం తెలీదు. మామూలు ప్రాక్టీసైతే కడుపునొప్పనో పరీక్షనో చెప్పి ఎగ్గొట్టొచ్చు. స్వచ్ఛంద ప్రాక్టీసు మాత్రం చచ్చినా మానకూడదు."

"ఎవర్రా అలా చెప్పింది?"

"ఎవరూ చెప్పరు. అదే కదా అసలు సంగతి. చెప్పకుండా ఎవడొస్తాడో, ఎవడు రాడో కోచ్ చూస్తుంటాడు. రానివాడు సీజనంతా బెంచీ మీద కూర్చుని వేరుశెనగలు ఒలుచుకోవాలి."

చచ్చినా అన్న మాట మనందరం రోజూ అంటూనే ఉంటాం. వాడూ అలాగే అన్నాడు. నేనూ నవ్వి, సరే పీచ్ పళ్ళు మీ అమ్మే తినేస్తుందిలే అని ఫోన్ పెట్టేశాను.

సెలవుల్లో కుర్రాళ్ళని ప్రాక్టీసుకి రమ్మని ఆజ్ఞ వేయడానికి కోచ్‌లకి అధికారం లేదు. అందుకే దానికి స్వచ్ఛందం అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఇంకో లాభం కూడా కనిపెట్టారు. కుర్రాళ్ళు తమంతట తాము వచ్చి పరిగెడుతుంటే యూనివర్సిటీ వైద్యుణ్ణి పంపనక్కర్లేదట. ఆ సోమవారం ఎవడో కుర్రాడు ఆలస్యంగా వచ్చాడు. దానికి శిక్షగా జట్టు మొత్తాన్నీ మైదానంలో ఆ గీత నుంచి ఈ గీతకి, ఈ గీత నుంచి ఆ గీతకి పరిగెత్తించాడు కోచ్ బక్ హాల్‌స్టెడ్. తమ ఇష్టంతో వచ్చిన వాళ్ళకి ఆలస్యమైతే శిక్ష ఏమిటని అడిగిన మగాడు ఆ మైదానంలో లేడు. మావాడు ముందు వరసలో ఆడేవాడు, భారీ మనిషి. పడిపోయాడు. లేపారు. మళ్ళీ పడిపోయాడు. ఒళ్ళు కాలిపోతుంటే ఐసు తొట్టిలో పడుకోబెట్టాలట, అలా చేస్తే బతికేవాడట. ఐసు తొట్టి ఉన్న గది మైదానం పక్కనే ఉంది. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి జేబులో పెట్టుకున్న వైద్యుడు తన ఇంట్లో నిద్రపోతున్నాడు. స్వచ్ఛంద ప్రాక్టీసు కదా మరి.

అంత్యక్రియలకి యూనివర్సిటీ ప్రెసిడెంట్ విట్‌కోంబ్ లైల్ గారు స్వయంగా వచ్చారు. వాళ్ళ జట్టు రంగుల రిబ్బన్లు కట్టిన పెద్ద పూలచక్రం తెచ్చారు. రొనెటాని కావిలించుకుని "మనమంతా ఒక కుటుంబం" అన్నారు. కోచ్ కూడా వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు తియ్యకుండానే ఏడ్చాడు. ఊరి ఆడవాళ్ళు కేకులూ, వేయించిన కోడీ, గిన్నెల కొద్దీ మాకరోనీ తెచ్చి మా వంటింట్లో కాలు పెట్టే చోటు లేకుండా చేశారు. అప్పటికి మేము అందరికీ కావలసినవాళ్ళమే.

ఆగస్టులో యూనివర్సిటీ విచారణ చేసి నివేదిక బయటపెట్టింది. నా పార్లర్‌లో టీవీ నడుస్తోంది. రొనెటా ఓ మూల తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఇంట్లో ఒక్కతీ ఉంటే పిచ్చెక్కుతుందని నేనే తీసుకొచ్చి కూర్చోబెట్టుకునేదాన్ని. టీవీలో ప్రెసిడెంట్ గారు గొంతు తగ్గించి చదివారు. జరిగింది చాలా విషాదకరం. అయితే అది స్వచ్ఛంద ప్రాక్టీసు. విద్యార్థి తన ఇష్టపూర్వకంగానే పాల్గొన్నాడు.

రొనెటా మడతపెట్టిన తువ్వాలు మళ్ళీ విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

"అక్కా," అంది, "అంటే నా కొడుకు తనంతట తనే చచ్చిపోయాడంటున్నారా?"

నేను వెళ్ళి టీవీ కట్టేశాను.

"ఇష్టంతో పరిగెత్తాడటక్కా. ఇష్టంతో పడిపోయాడట. వాడికి ఒళ్ళు కాలిపోవడం ఇష్టమట."

ఆ రోజు నుంచి దానికి తిండి సయించలేదు. గొంతులోకి ముద్ద దిగేది కాదు. పాస్టరు గారు వచ్చి మాట్లాడారు. ఒక వకీలు వచ్చి, కేసు వేద్దాం, కోట్లు వస్తాయన్నాడు. అన్నిటికీ తల ఊపేది, వాళ్ళు వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "కోచ్‌ని ఉరి తియ్యమనట్లేదక్కా. డబ్బూ అడగట్లేదు. వాడి పేరు పక్కన ఆ మాట తీసెయ్యమను. అంతే. వాడు కావాలని వెళ్ళి చచ్చాడని నేను బతికినన్నాళ్ళూ ఎలా చదువుకోను?"

ఆ ఒక్క మాట తీయించడం నా పని అయింది. తీయించకపోతే నా చెల్లెలు కూడా నాకు దక్కదని నాకు తెలుసు.

మేము నోరు తెరిచామని తెలియగానే కేకులు రావడం ఆగిపోయింది. ఎదురుపడితే మొహం తిప్పుకునే వాళ్ళు కొందరు. ఒకరోజు ఎర్లీన్ ఫాక్స్‌వర్త్ నా కుర్చీలో కూర్చుంది. ఏళ్ళ తరబడి నా దగ్గరే జుట్టు చేయించుకునే మనిషి, చర్చిలో మా పక్క బెంచీ. ఆమె తలకి జుట్టు వంకీలు తిరిగే మందు రాసి, సగం జుట్టుకి చుట్టలు చుట్టాను.

"వెర్డెల్, నేనంటున్నానని ఏమీ అనుకోకు," అంది అద్దంలోంచి నన్ను చూస్తూ. "పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. ఇప్పుడు గొడవ చేస్తే కోచ్ వెళ్ళిపోతాడు. ఈ ఏడు జట్టు బాగుంది. మా ఆయన ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూస్తున్నాడు."

"దేనికోసం?"

"కప్పు కోసం."

దువ్వెన కింద పెట్టేశాను. "లే ఎర్లీన్."

"ఇంకా సగమే అయిందిగా!"

"నీకు కావలసింది సగం బుర్రేగా, సగం జుట్టు చాల్లే. వెళ్ళి మీ ఆయన పక్కన కూర్చుని కప్పు కోసం ఎదురుచూడు."

ఆమె సగం చుట్టలతో, సగం చిక్కులతో వీధిలో నడిచి వెళ్ళడం ఊరంతా చూసింది. నాకు ఏ మాత్రం జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

తర్వాత నేనే కారేసుకుని టాలిస్ వెళ్ళాను. ప్రెసిడెంట్ గారి గదిలో తివాచీ ఎంత మెత్తగా ఉందంటే, నా చెప్పుల చప్పుడు నాకే వినపడలేదు. చల్లటి తీపి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. "మేడమ్, ఆ మాట పెట్టింది నేను కాదు, క్రీడల విభాగం," అన్నారు. క్రీడల విభాగానికి వెళ్తే అది కోచ్ చూసుకునే వ్యవహారమన్నారు. కోచ్ వకీలు లేకుండా మాట్లాడడట. వైద్యుణ్ణి పట్టుకుంటే, "నన్ను ఆ రోజు రమ్మననే లేదు కదమ్మా," అని నీళ్ళు నమిలాడు. చివరికి తిరిగి తిరిగి మళ్ళీ ఆ తివాచీ మీదికే వచ్చాను.

"అయితే తప్పు ఎవరిది సార్?" అన్నాను.

"ఇందులో వ్యక్తుల్ని వేలెత్తి చూపడం మంచిది కాదు. యూనివర్సిటీ మొత్తంగా చాలా బాధపడుతోంది."

"ఆ యూనివర్సిటీని ఒకసారి బయటికి పిలవండి. మొహం చూసి మాట్లాడతాను."

ఆయన నవ్వాలో వద్దో తెలియక కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి తప్పు చేస్తే చెంప పగలగొట్టొచ్చు. యూనివర్సిటీకి చెంపెక్కడుంది? పైకప్పులూ, గంటస్తంభమూ, ఆటలరోజు ఊగే జెండాలూ ఉన్నాయి. అందులో జీతం తీసుకునేవాళ్ళు ఎంతమందైనా ఉంటారు, జవాబు చెప్పేవాడు ఒక్కడూ ఉండడు.

ఆయన నన్ను ఊరుకోబెట్టడానికి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టారు. ఈ ఏడంతా ఆటగాళ్ళ హెల్మెట్ల మీద కెండ్రెల్ నంబరు అంటిస్తారట. ఆ నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వరట. మొదటి ఆటకి ముందు మైదానం మధ్యకి మమ్మల్ని పిలిచి, వాడి చొక్కా అద్దాల పటంలో కట్టి ఇస్తారట. "అంతేకాదు మేడమ్, మైదానం పక్కనున్న వైద్య గదికి అతని పేరు పెట్టాలనుకుంటున్నాం."

"ఏ గదికి?"

"ఐసు తొట్లవీ ఉంటాయి కదా, ఆ గదికి."

"తాళం కూడా వాడి పేరు మీదే వేస్తారా?" అన్నాను.

టీ గ్లాసు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ నివేదికని ఖాయం చెయ్యడానికి ఆగస్టు చివర్లో ధర్మకర్తల మండలి సమావేశం పెట్టారు. యూనివర్సిటీకి అసలు యజమానులు వాళ్ళే. ఒకసారి వాళ్ళు చేతులెత్తితే ఆ మాట ఇక రాతి మీద చెక్కినట్టే. జనం కూడా వచ్చి మాట్లాడొచ్చు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, అని రూలుంది. నేను పేరిచ్చాను. రొనెటా నాతో వచ్చింది. దాని నల్ల గౌను ఒంటి మీద వేలాడుతోంది. 

హాలు కిక్కిరిసిపోయింది. చల్లటి గాలి యంత్రాలు ఆ జనానికి చాలడం లేదు. అందరూ చేతికందిన కాగితంతో విసురుకుంటున్నారు. వెనక గోడకి ఆనించి ఒక బల్ల, దాని మీద ఐసు ముక్కలు తేలుతున్న నీళ్ళ జాడీలూ, గ్లాసులూ. ముందు రెండు వరసల్లో జట్టు మొత్తం కూర్చుని ఉంది. ఆ ఉక్కలో కోట్లు, మెడకి టైలు. భారీ పిల్లలు, చిన్న కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. చెమట చెంపల మీదుగా కారి కాలర్లలోకి పోతోంది. వాళ్ళకి ఎదురుగా, పక్క గోడ దగ్గర, కోచ్ హాల్‌స్టెడ్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన వకీలు.

కుర్రాళ్ళలో నాకు తెలిసినవాడు ఒకడే. టక్ ఒబర్మన్. కెండ్రెల్ గదిలో ఉండేవాడు. సెలవులకి మావాడితోపాటు మా ఇంటికి వచ్చి, నా చేతి బిస్కెట్లు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తినేవాడు. కెండ్రెల్‌ని చూసి వాడూ నన్ను పెద్దమ్మా అనేవాడు. ఆ రోజు మా వైపు చూడలేదు. నేల చూపులు చూస్తున్నాడు.

మండలికి పెద్ద గేథర్ గారు. ముత్యాల దండ వేసుకున్న ముసలావిడ. ఆమె అనుమతి తీసుకుని ప్రెసిడెంట్ గారు లేచారు. నివేదిక గురించి కొంత మాట్లాడి, చెయ్యి చాచి ముందు వరసలు చూపించారు.

"మా కుటుంబం ఎంత కలిసికట్టుగా ఉందో చూడండి. ఈ కుర్రాళ్ళని ఎవరూ రమ్మనలేదు. తమ కోచ్‌కి అండగా నిలబడాలని వీళ్ళంతా ఈ రోజు స్వచ్ఛందంగా వచ్చారు."

జనం చప్పట్లు కొట్టారు. రొనెటా చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

నా పేరు పిలిచారు. మా చర్చికి వచ్చే టీచరమ్మ సాయంతో మంచి మంచి మాటలు రాసుకుని వెళ్ళాను. మైకు దగ్గరికి వెళ్ళేసరికి ఆ కాగితం చూడబుద్ధి కాలేదు. ఈ మాటని వాళ్ళు మళ్ళీ వాడారు. ఆ పిల్లాడి తల్లి ముందు, సిగ్గు లేకుండా, చప్పట్లకోసం వాడారు. మండలి వైపు కాకుండా ముందు వరసల వైపు తిరిగాను.

"బాబూ, మీరంతా మీ ఇష్టంతోనే వచ్చారా?"

కొన్ని తలలు ఊగాయి. కొన్ని ఊగలేదు.

"మంచిది. నేను కెండ్రెల్ పెద్దమ్మని. మిమ్మల్ని చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. ఉడికిపోతున్నారు. వెనక బల్ల మీద చల్లటి నీళ్ళున్నాయి. దాహమేసిన వాళ్ళు వెళ్ళి తాగండి నాన్నా. నా మూడు నిమిషాలు మీకే ఇచ్చేస్తున్నా. ఎవరి ఇష్టం వాళ్ళది."

ఎవరూ లేవలేదు.

"ఏం, ఎవరికీ దాహం లేదా?"

ఒక కుర్రాడు పెదాలు తడుపుకున్నాడు. ఇంకొకడు కుర్చీ పట్టుకుని కొంచెం లేచి మళ్ళీ కూర్చున్నాడు. హాల్లో కాగితాలతో విసురుకోవడం ఆగిపోయింది. అప్పుడు అందరూ చూశారు. రెండు వరసల్లో తలలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. పక్క గోడ వైపు. కోచ్ వైపు.

కోచ్ మొహం ఎర్రబడింది. వకీలు ఆయన చెవిలో ఏదో చెప్పబోయాడు. ఆయన వినలేదు. ఇంతమందిలో తన కుర్రాళ్ళు నీళ్ళకి కూడా జడుసుకుంటున్నట్టు కనిపిస్తే పరువు పోతుందనుకున్నాడు కాబోలు. పెద్దమనిషిలా నవ్వి, గడ్డం పైకెత్తి, తలతో వెనక బల్ల వైపు చిన్న సైగ చేశాడు. వెళ్ళండి అన్నట్టు.

జట్టంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలన్నీ ఒకే చప్పుడు చేశాయి. వరసగా, ఒకరి వెనక ఒకరు, వెనక బల్ల దగ్గరికి నడిచారు. అప్పటిదాకా చప్పట్లు కొట్టిన జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ప్రెసిడెంట్ గారు నేల మీద ఏదో పడిపోయినట్టు కిందికి చూస్తున్నారు. కోచ్‌కి మాత్రం తనేం చేశాడో ఇంకా అర్థం కాలేదు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"గేథర్ గారూ," అన్నాను, "స్వచ్ఛందం అంటే ఏమిటో చూశారుగా. ఇష్టం మా పిల్లలదట, తల ఊపేది ఆయనట."

ఇంకా ఏదో అనబోయి ఆగిపోయాను. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీ కాలేదు. టక్ లేవలేదు.

కోచ్ వాడి వైపు చూసి మళ్ళీ తల ఊపాడు. ఈసారి గట్టిగా.

"నాకు వద్దు కోచ్," అన్నాడు టక్.

"వెళ్ళి తాగరా."

"వద్దన్నాను కదా."  అప్పుడు నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, వాడు నన్ను నీళ్ళడిగాడు. రెండోసారి పడినప్పుడు. సీసా నా చేతిలోనే ఉంది. నేను కోచ్ వైపు చూశాను."

వెనక బల్ల దగ్గర నీళ్ళు పోసుకుంటున్న కుర్రాళ్ళు ఇటు తిరిగారు.

"ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను సీసా కింద పెట్టేశాను."

వకీలు లేచి ఏదో అరిచాడు. గేథర్ గారు సుత్తితో బల్ల మీద కొట్టారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ కుర్రాడి మెడ విరిచెయ్యాలనిపించింది నాకు. నా చేతి బిస్కెట్లు తిన్న చేతులు అవి. సీసా పట్టుకున్న చేతులు అవి. నేను అడుగు ముందుకేసేలోపే రొనెటా వెళ్ళి వాడి ముందు నిలబడింది.

"చివర్లో వాడేమన్నా అన్నాడా?" అని అడిగింది.

టక్ తలెత్తలేదు. "సారీ కోచ్ అన్నాడమ్మా."

 రొనెటా వాడి కుర్చీ వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ వాడి భుజాల మీద వేసింది. వాణ్ణి ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు సమావేశం అయ్యేదాకా అలాగే నిలబడి ఉంది. అది చూశాక నా కోపం ఎవరి మీద ఉండాలో నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

ధర్మకర్తలు తలుపులు మూసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికి వచ్చి గేథర్ గారే చదివారు. నివేదికలో ఆ మాట కొట్టేశారు. ప్రాక్టీసు యూనివర్సిటీ ఉద్యోగుల ఆజ్ఞతో జరిగింది, బాధ్యత యూనివర్సిటీది అని రాశారు. ఆవిడ చదువుతున్నంతసేపూ ప్రెసిడెంట్ గారు తల ఊపుతూనే ఉన్నారు, మొదటి నుంచీ తనూ అదే అంటున్నట్టు. నేను ఆయన్ని చూసి పళ్ళు నూరుకున్నాను. ఆయన కుర్చీకి ఏమీ కాలేదు. ఇప్పటికీ అదే తివాచీ మీద నడుస్తున్నారు. కోచ్‌ని తీసేశారు. వేరే రాష్ట్రంలో ఒక కాలేజీ వాళ్ళు దండలేసి తీసుకెళ్ళారని విన్నాను. టక్ జట్టు వదిలేశాడు. వాణ్ణి మా ఊళ్ళోనే ఎవరో ద్రోహి అన్నారు. ఆ అన్నవాడి పెళ్ళాం ఇక నా పార్లర్ గుమ్మం తొక్కలేదు, నేను తొక్కనివ్వలేదు.

ఆ రాత్రి రొనెటా ఒక రొట్టె ముక్క తింది. సగం తిని పక్కన పెట్టింది. మర్నాడు ఇంకొంచెం తింది.

మొదటి ఆటకి వారం ముందు ప్రెసిడెంట్ గారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి, తేనె పూసినట్టు మాట్లాడుతోంది. మేమప్పుడు రొనెటా వంటింట్లో ఉన్నాం. అది క్యాట్‌ఫిష్ ముక్కలకి మొక్కజొన్న పిండి పట్టిస్తోంది, కొడుకు పోయాక మొదటిసారి. టక్ భోజనానికి వస్తానన్నాడని. చేతులకి పిండి అని ఫోన్ నేనే పట్టుకుని, దానికీ వినపడేలా స్పీకరు పెట్టాను.

"శనివారం మైదానం మధ్యలో మీ కుటుంబాన్ని సత్కరించాలనుకుంటున్నాం మేడమ్. కెండ్రెల్ చొక్కా పటం ప్రెసిడెంట్ గారే స్వయంగా అందిస్తారు. స్టేడియమంతా లేచి నిలబడుతుంది. టీవీ వాళ్ళు కూడా వస్తున్నారు."

నాకు నోటినిండా తిట్లు వచ్చాయి. రొనెటా పిండి చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"తప్పకుండా రావాలామ్మా?" అని అడిగింది ఫోన్ వైపు వంగి.

"అయ్యో, అలాంటిదేం లేదు మేడమ్! ఇందులో బలవంతమేం లేదు. పూర్తిగా స్వచ్ఛందం."

రొనెటా చేప ముక్కని కాగుతున్న నూనెలో వేసింది. నూనె చుయ్యిమంది.

"అయితే మేం రామమ్మా," అంది.